ఉప్పు పూసే గోడ

1856 జనవరి 21

ఉప్పు కొఠారు దొర బంగళాలో మళ్ళీ పని దొరికింది. కావలి గంగరాజు నిన్న పేట దాకా వచ్చి, కంచె అవతలే నిలబడి పిలిచాడు. పాత దొర బదిలీ మీద వెళ్ళిపోయాడు. కొత్త దొర మార్చిలో, ఉప్పుమడుల పని మొదలయ్యే వేళకి వస్తాడట. ఈలోగా వసారా రాళ్ళకి పట్టిన పాచి పోవాలి. సముద్రం వైపు గోడ మీద ఉప్పు పొటమరించకుండా చెయ్యాలి.

ఆ గోడ గచ్చు నేనూ నా కూతురు సుందరీ కలిసి కార్తీకంలో నునుపు పెట్టిందే. పచ్చి ఆరకముందే గాలివాన, దాని వెనకే ఉప్పెన వచ్చాయి.

మిషను దొరసానిగారు నాకు అక్షరాలు నేర్పి ఈ పుస్తకం ఇచ్చినప్పుడు, దేవుడితో చెప్పుకునేవన్నీ ఇందులో రాయమన్నారు. దేవుడితో చెప్పుకునేవి దేవుడికే చెబుతాను. ఇందులో పని సంగతులు రాస్తాను.

సుందరి మోరీసు దీవికి వెళ్ళింది. కోరంగి రేవులో ఓడ ఎక్కి, చెరుకు తోటల్లో పని చేసి వస్తానని అంతకుముందు నించీ అంటూనే ఉంది. గాలివాన రోజు పొద్దున్నే మూట పట్టుకుని బయల్దేరింది. పేటలో వాళ్ళు ఉప్పెనలో పోయిందంటారు. పోయినవాళ్ళందరూ ఎక్కడో అక్కడ దొరికారు. మడచెట్ల వేళ్ళల్లో, మొగలి పొదల్లో. ఇది దొరకలేదు. కాబట్టి ఓడ ఎక్కింది. 

జనవరి 23

వసారా రాళ్ళు. కొబ్బరి పీచు, కుంకుడు రసం, ఇటుక పొడి. వీరాయమ్మత్త నాకు తోడు వచ్చింది. ఆవిడది రేవు పక్క పల్లెకారుల ఇల్లు, నాకు చుట్టం కాదు. ఒకే గానుగ దగ్గర సున్నం తొక్కించుకున్న రోజుల నించీ అత్తా అంటున్నాను. ఆవిడ నన్ను ఇంకా పాత పేరుతోనే పాపా అంటుంది. బాప్తిస్మం తీసుకుని ఎనిమిదేళ్ళయినా సలోమి అన్న పేరు ఆవిడ నోటికి రాలేదు.

రాళ్ళు నల్లగా మెరిశాయి. తుడిచి, ఆరాక, కొబ్బరి నూనె పల్చగా రుద్దాం. 

గంగరాజు బంగళాలో పడుకోడు. వంటపాకలోనే ఉంటాడు. సముద్రం వైపు తలుపు దగ్గరికి అసలు రాడు. మేం లోపలికి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి పెరటి తలుపు తీశాడు.

జనవరి 24

ఇవాళ గోడ చూశాను.

గచ్చు మీద ఎవరో ముతక సున్నం కొట్టారు. పనివాళ్ళు కొట్టింది కాదు. ఎవరో ఆదరాబాదరా గుడ్డతో పులిమినట్టుంది. ఎందుకు కొట్టారండీ అని గంగరాజుని అడిగాను.

"మురికయిపోతే కొట్టేను. నీకెందుకు?" అన్నాడు.

గచ్చు ఎక్కడ విడిపోయిందో తెలియడానికి వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళాను. అంటుకుని ఉన్నచోట గట్టిగా పలుకుతుంది, విడిపోయినచోట డొల్లగా. తలుపు పక్కన, నా రొమ్ము ఎత్తులో డొల్ల. ఒకసారి తట్టాను.

లోపల నించి ఎవరో తట్టారు. రెండుసార్లు.

వీరాయమ్మత్త మెట్లు తోముతోంది. గంగరాజు నూతి దగ్గర చేద లాగుతున్నాడు. లోపల ఎవరూ లేరు. డొల్ల గచ్చులో ఒక్కోసారి చప్పుడు తిరిగి వస్తుంది. 

అక్కడే ఒక మరక ఉంది. సున్నం లోపల నించి ఉప్పు తెల్లగా, బూజులా పొటమరించింది. చిన్న ఆకు ఆకారం.

జనవరి 25

మరక దులిపేసి మట్టి పూత పెట్టాను. ఒండ్రుమట్టిని మంచినీళ్ళతో వెన్నలా పిసికి, కొబ్బరి పొట్టు కలిపి, గోడకి మందంగా పట్టించి వదిలెయ్యాలి. ఆరుతున్నకొద్దీ అది గోడలో ఉప్పుని తాగుతుంది. ఎండి పెచ్చులయ్యాక ఒలిచి దూరంగా పారబోయాలి. ఉప్పెన నీళ్ళు తాగిన గోడ కదా, ఒక్క పూతతో తేలదు.

జనవరి 29

పూత ఒలిచాను. ముతక సున్నం కూడా దాంతోపాటు ఊడి వచ్చింది. కింద మా గచ్చు. పాలరాయిలా ఉంది. ఇదంతా గులకరాయితో సుందరి రుద్దిందే. దాని చేతి ఒడుపు నాకు తెలుసు, చివర్న కొంచెం పైకి లాగుతుంది.

మరక లేదు.

జనవరి 30

మరక వచ్చింది. అక్కడే. మొదటిసారి కంటే తెల్లగా.

ఆకు కాదు. కోడి కాలి ముద్రలా ఉంది.

జనవరి 31

మళ్ళీ పూత.

ఫిబ్రవరి 4

నిన్న ఒలిచాను. పొద్దుటికల్లా వచ్చింది. వీరాయమ్మత్త చాలాసేపు దాన్నే చూసి, నా వైపు తిరిగి, ఏదో అనబోయి మానేసింది.

"ఏంటత్తా?"

"ఏం లేదే. ఎండెక్కుతోంది, మట్టి ఆరిపోద్ది, కానీ."

ఫిబ్రవరి 5

పూత.

మోరీసులో చలి ఉండదట. నతానియేలు ఉపదేశిగారు చెప్పారు. ఆయన మా పేటలో ప్రార్థన చెప్పే మనిషి, కోరంగి దాకా వెళ్ళొచ్చినవారు. "కార్తీకంలో ఓడలేం వెళ్ళినట్టు లేదమ్మా" అని కూడా అన్నారు. ఆయనకి అన్నీ తెలియవు.

ఫిబ్రవరి 9

గెలిచాను. పూత ఒలిచి రెండు రోజులయింది. గోడ అద్దంలా ఉంది. ఏమీ రాలేదు. గంగరాజు దూరం నించి చూసి తల పంకించాడు. నేనీ పని మొదలుపెట్టాక మొదటిసారి అతని మొహంలో కళ కనిపించింది.

ఫిబ్రవరి 10

రాలేదు.

ఫిబ్రవరి 11

రాలేదు. అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం వీరాయమ్మత్త ఇంటికి వెళ్ళినప్పుడు కుండెడు సముద్రపు నీళ్ళు తెచ్చి ఆ చోట తడిపాను. పూత పనిచేసిందో లేదో తెలియాలంటే ఇలాగే చూడాలి.

ఫిబ్రవరి 13

వచ్చింది.

ఫిబ్రవరి 14

ఇవాళ కూడా తడిపాను. ఒక్కసారితో తెలియదు.

ఫిబ్రవరి 16

బాగా వచ్చింది. అంచులు కూడా తేరాయి. గోడ ఎండ తగిలి గోరువెచ్చగా ఉంది. ఆ ఒక్క చోటు మాత్రం చల్లగా ఉంది. తడి కదా. తడిగా ఉన్నచోటు చల్లగానే ఉంటుంది.

ఫిబ్రవరి 18

వీరాయమ్మత్త చూసేసింది. కుండ నా చేతిలోనే ఉంది.

"ఒసే పాపా, ఉప్పునీళ్ళెందుకే గోడకి? నెల్నాళ్ళ నించి లాగుతున్న ఉప్పుని మళ్ళీ నువ్వే పోస్తావా?"

పూత సంగతి చూస్తున్నానని చెప్పాను.

"నా మొహం చూసి చెప్పు."

నేను గోడకేసి తిరిగాను. ఆవిడ నా చేతిలో కుండ తీసుకుని కింద పెట్టింది. నా మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. 

"మొదటి రోజే నాకు తెలిసింది. నీకూ తెలిసింది. నువ్వు నోరు విప్పుతావని ఊరుకున్నాను."

రాస్తాను. ఆకు కాదు, కోడి కాలు కాదు. అది చేయి. ఎడమ చేయి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు విడివిడిగా ఉన్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు చివరి దాకా అతుక్కుని ఒకటే వేలుగా ఉన్నాయి. సుందరికి నాలుగేళ్ళప్పుడు, ఉడుకుతున్న సున్నం తొట్టిలో చెయ్యి పెట్టింది. పుండు మానేసరికి ఆ రెండు వేళ్ళూ కలిసిపోయాయి. అలాంటి చేయి ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు.

గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు నొక్కిన చేయి. పని చేసేటప్పుడు పడ్డది కాదు. నునుపు పెట్టిన గోడ మీద చేయి వెయ్యకూడదని దానికి నేనే నేర్పాను. అది వెయ్యదు. వేసిందంటే గోడ సంగతి మర్చిపోయేంత పని పడింది.

వీరాయమ్మత్త నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. సముద్రం దూరంగా, చదునుగా, ఎవరినీ ఎరగనట్టు ఉంది.

ఫిబ్రవరి 19

పనికి వెళ్ళలేదు. 

ఫిబ్రవరి 20

నూతి దగ్గర గంగరాజుని అడిగాను. వీరాయమ్మత్త నా పక్కనే నిలబడింది. ఆవిడ లేకపోతే అడగలేకపోయేదాన్ని.

"ఆ గోడ మీద చేయి ఎవరిదో మీకు తెలుసా అండీ?"

చేద అతని చేతిలోంచి జారి నూతిలో పడింది. తాడు కూడా పోయింది. అతను తీసుకోవడానికి వంగలేదు.

"సున్నం కొట్టేను" అన్నాడు. "రెండుసార్లు కొట్టేను. లోపల నించి వచ్చేస్తాది. నువ్వైతే పోగొడతావని పిలిచేను. నీ పిల్లదని తెలిసే పిలిచేను. నువ్వే పోగొట్టాలి, ఇంకెవరివల్లా కాదనిపించింది."

"ఏం జరిగిందండీ?"

అతను నూతి గట్టు మీద కూర్చున్నాడు. నా వైపు చూడకుండా, లోపల నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

"మధ్యాహ్నానికే చీకటి పడిపోయింది. నీళ్ళు ఉప్పుమడులు దాటి వసారా మెట్ల దాకా వచ్చేసేయి. ఇల్లు నిండా దొరగారి సామాను. సముద్రం వైపు తలుపు గడియ వేసేసేను. అప్పుడు వచ్చింది. తలుపు కొట్టింది. ఎవరు అని కూడా అడగలేదు నేను. 'బాబాయిగారూ, నేను సుందరినండీ. గోడ పని చేసిన సుందరినండీ' అంది. పేరు చెప్తే తీస్తాననుకుంది."

"ఓడ..." అన్నాను. నా నోటి వెంట ఆ మాటే వచ్చింది.

"కోరంగి పడవ కదల్లేదంట. వెనక్కి వచ్చేస్తున్నాను, మా అమ్మ దగ్గరికి వెళ్ళే దారి మునిగిపోయిందండీ, అంది. నేను తలుపుకి ఇవతలే ఉన్నాను. చెయ్యి గడియ మీదే ఉంది. తీస్తే నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి, దొరగారు నన్ను చంపేస్తారు, అనుకున్నాను. ఇంకొంచెం గాలి తగ్గితే తీద్దాం, ఇంకొంచెం తగ్గితే తీద్దాం అనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత కొట్టలేదు."

మళ్ళీ అతనే అన్నాడు. "నీళ్ళు ఎలాగూ వచ్చేసేయి. కిటికీలోంచి వచ్చేసేయి. సామానంతా పోయింది. నేను అటకెక్కి బతికేను."

వీరాయమ్మత్త అతని మొహం మీద ఉమ్మింది. అతను తుడుచుకోలేదు.

ఇంటికి వచ్చి, వాకిలి ఊడ్చి, గంజి కాచాను. రెండు ముంతల్లో పోశాను.

ఫిబ్రవరి 22

గోడ బాగు చేస్తాను. కానీ చేయి దాని మీద ఉండగా సున్నం పెట్టను.

ఆ చోటు డొల్లగా ఉంది కాబట్టి ఊడి వస్తుంది. చేయి మీద పాత పంచె గుడ్డని చిక్కటి గంజితో అతికించి ఆరనిచ్చాను. చుట్టూ సన్నటి ఉలితో గాడి తీశాను. వెనక నించి తాటిబద్ద సందులోకి దోపాను. వీరాయమ్మత్త కింద పలక పట్టుకుంది. ఒక్కసారిగా, నిట్టూర్పు లాంటి చప్పుడుతో గోడ వదిలేసింది. 

పెచ్చు వెనక ఇటుకల మీద తడి. చేయి ఆకారంలోనే.

పెచ్చుని గోనెలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. తట్ట నెత్తిన పెట్టుకుంటే దాని బరువు నాకు తెలుసనిపించింది. గచ్చు పెచ్చు అంత బరువుండదు.

ఫిబ్రవరి 23

"ఇంట్లో పెట్టుకోకే" అంది వీరాయమ్మత్త. "మీ వాళ్ళ సమాధుల తోట ఉంది కదా. అప్పజెప్పెయ్యి."

ఎందుకు అప్పజెప్పాలి? ఇప్పుడే కదా వచ్చింది.

ఫిబ్రవరి 24

గోడలో గొయ్యి పూడ్చడం మొదలుపెట్టాను. గుల్ల సున్నం, కడిగిన ఏటి ఇసుక, కరక్కాయ నీళ్ళు, కొంచెం బెల్లం. సాయంత్రం తొందరగా ఇంటికి వచ్చాను. వాకిట్లో ఎవరో కాచుకుని ఉంటే ఎలా వస్తామో అలా వచ్చాను.

పెచ్చుని పొయ్యికి దూరంగా, గాలి తగిలే చోట పెట్టాను. ఇవాళంతా అత్త చేసిన పనీ, గానుగ ఎద్దు కుంటుతున్న సంగతీ, పేటలో సాలమోను కొడుకు పెళ్ళి మాటలూ చెప్పాను. విన్నది.

ఫిబ్రవరి 26

ఉప్పు ఇంట్లో కూడా పూస్తోంది. పొద్దున్నే వేళ్ళన్నీ తెల్లగా, మంచు పట్టినట్టు. మెత్తటి ఈకతో దులిపాను.

ఫిబ్రవరి 27

గంజి ముంత దాని ముందు పెట్టాను. తర్వాత చూస్తే ముంతలో గంజి తగ్గింది. గచ్చు పక్కన పెట్టిన నీళ్ళు తగ్గుతాయి. గాలి పీలుస్తుంది. నాకు తెలుసు. అయినా మళ్ళీ పోశాను.

ఫిబ్రవరి 28

బొటనవేలి కొస పొడి అయి రాలింది.

ఉప్పు పూసిన ప్రతిసారీ గచ్చుని లోపల నించి కొరుకుతుంది. ఇన్నాళ్ళూ చేతిని నాకు చూపించింది ఆ ఉప్పే. ఇంకొన్నాళ్ళు పోతే అదే తినేస్తుంది. సముద్రపు నీళ్ళు తెచ్చి పోసింది నేను. నా చేత్తోనే.

రాలిన పొడిని ఆకులో ఎత్తి, వీరాయమ్మత్త ఇంటికి పరుగెత్తాను. ఆవిడ వలకి ముడులు వేస్తోంది. నా చేతిలో ఆకు చూసి, వల పక్కన పెట్టింది.

"రేపే వెళ్దాం పద" అంది.

ఫిబ్రవరి 29

ఇవాళ ఉపదేశిగారి దగ్గరికి వెళ్ళాం. నతానియేలుగారు గోనె వైపు చూసి ఇబ్బందిపడ్డారు.

"మట్టి పెళ్ళకి సమాధి ప్రార్థన ఎలా చెబుతామమ్మా? శరీరం ఉండాలి కదా."

నేను గుడ్డ తీశాను. ఆయన వంగి చూశారు. సుందరి చిన్నప్పుడు ఆయన దగ్గరే అఆలు దిద్దింది. పలక పట్టుకున్న ఆ ఎడమ చేతిని ఆయన రోజూ చూశారు.

"ఇదే శరీరం, అంతేనా?" అన్నారు చివరికి.

"ఆయ్. ఇంతేనండీ దొరికింది."

"ఎప్పుడు చనిపోయిందని చెప్పమంటావమ్మా?"

ఆ మాట నేను అప్పటి దాకా అనలేదు. అన్నాను. "గాలివాన రోజునండీ. కొఠారు బంగళా తలుపు దగ్గర."

మార్చి 2

నిన్న సుందరిని సమాధి చేశాం.

పొద్దున నించీ మబ్బు పట్టి ఉంది. తోటలోకి వెళ్ళేసరికి వాన మొదలయింది, కాలం కాని వాన. పేటలో వాళ్ళు వచ్చారు. వీరాయమ్మత్త తన పల్లె నించి ఇద్దరు ఆడవాళ్ళని తెచ్చుకుంది, ముగ్గురూ కొంగు నెత్తిన వేసుకుని ఒక పక్కగా నిలబడ్డారు. పెద్ద గొయ్యి తవ్వలేదు. కానీ మనిషికి తవ్వినట్టే తూర్పు పడమరగా తవ్వారు.

పెచ్చుని నేనే దింపాను. చేయి పైకి ఉండేలా పెట్టాను. దాని మీద నా చేయి పెట్టి చూశాను. నా వేళ్ళు విడివిడిగా ఉన్నాయి, దానివి కలిసి ఉన్నాయి, సరిగ్గా అమరలేదు. అయినా కాసేపు అలాగే ఉంచాను. వాన నీళ్ళు మా ఇద్దరి మీదా పడ్డాయి. మంచినీళ్ళు.

నతానియేలుగారు ప్రార్థన చెబుతుండగా అందరూ వెనక్కి తిరిగి చూశారు. గంగరాజు వచ్చాడు. తోట కంచెకి తడిక ఉంది, దానికి లోపల నించి కొయ్య గడియ. పశువులు రాకుండా ఎవరో వేసేశారు. అతను తడిక అవతల, నెత్తి మీద ఏమీ లేకుండా, తడుస్తూ నిలబడ్డాడు. 

"సలోమమ్మగారూ" అన్నాడు. అతను నన్ను అలా పిలవడం ఎప్పుడూ వినలేదు. "గుప్పెడు మట్టి వేస్తానండీ. లోపలికి రానివ్వండి."

ఎవరూ కదల్లేదు. "అక్కడే ఉండనీ" అంది వీరాయమ్మత్త, అతనికి వినపడేలా. 

నేను వెళ్ళి తడిక దగ్గర నిలబడ్డాను. గడియ మీద చెయ్యి వేశాను. మా ఇద్దరి మధ్యా తాటాకు తడిక, అంతే. అవతల అతని ఊపిరి వినిపించింది. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తియ్యమని మళ్ళీ అడగలేదు. నేను తియ్యకపోతే అతనికి ఏమీ కాదు, తడుస్తాడు, ఇంటికి పోతాడు. నాకు తెలుసు. అతను అటువైపు నిలబడి ఉంటే, నేను ఇటువైపు గడియ మీద చెయ్యి పెట్టుకుని ఉండడం ఎంత సులువో కూడా తెలిసింది. చెయ్యి ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నతానియేలుగారు ప్రార్థన ఆపేశారు. వాన జోరు పెరిగింది.

అప్పుడు అతను తలుపు కొట్టాడు. మెల్లగా, వేలి కణుపుతో, తాటాకు మీద. కొడుతున్నట్టు అతనికే తెలియదనుకుంటాను.

గడియ తీశాను.

అతన్ని క్షమించలేదు. ఆ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. అతను లోపలికి వచ్చి, నా పక్క నించి దాటి, గోతి దగ్గర మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో మట్టి తోశాడు. ఆగలేదు. పార ఇస్తామన్నా తీసుకోలేదు. గొయ్యి నిండే దాకా చేతులతోనే తోశాడు. మేం అందరం వానలో నిలబడి చూశాం. నేను తడిక తెరిచే ఉంచాను. పశువులు వస్తాయని ఎవరో అన్నారు. రానీ అన్నాను.